అభిప్రాయాల ఫైలు

నిన్న పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నాను. గోడమీది టీవీలో కోటు తొడుక్కున్న ఒకాయన యుద్ధం ఎలా చేయాలో అరిచి మరీ చెబుతున్నాడు. వెనక బొమ్మ విమానాలు ఎగురుతున్నాయి. నా పన్ను కంటే ఆ గొంతే ఎక్కువ సలిపింది. చానల్ మార్చమంటే, "సీరియల్ పెట్టమంటారా అండీ?" అంది అక్కడి అమ్మాయి. ఏదైనా ఫరవాలేదన్నాను. అలాంటి గొంతు విన్నప్పుడల్లా నాకు గుంటూరులోని ఒక కోచింగ్ సారు గుర్తొస్తాడు.

నాలుగేళ్ల కిందట మా తమ్ముడి కూతురు సైన్యంలో ఆఫీసరు కావాలని రాతపరీక్ష పాసైంది. ఐదు రోజుల ఇంటర్వ్యూకి తయారవడానికి సత్తెనపల్లిలో మా ఇంట్లో దిగి, రోజూ బస్సులో గుంటూరు వెళ్లి వచ్చేది. సారు లావుపాటి ఫైలొకటి ఇచ్చాడు. సరిహద్దులు, క్షిపణులు, పొరుగు దేశాలు, నదీ జలాలు, ప్రతిదానికీ అందులో ఒక తయారు చేసిన అభిప్రాయం ఉండేది. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆగాలో కూడా పక్కన రాసి ఉండేది. పిల్ల పెరట్లో పచార్లు చేస్తూ వల్లించేది. వారం తిరిగేసరికి నాకూ సగం వచ్చేసింది. నేను వంకాయలు తరుగుతూ యుద్ధట్యాంకు బరువు చెబుతుంటే, "ఇంతకీ కూరలో ఉప్పు వేశావా?" అన్నారు మావారు.

మావారి అన్నగారు, అంటే మా బావగారు, సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరై, మా ఊరి పక్కనే మిరప సాగు చేస్తున్నారు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. "మావయ్యగారూ, నా ఉపన్యాసం వినండి" అంటూ పిల్ల ఉత్సాహంగా నిలబడింది. ఇంటర్వ్యూలో మూడు నిమిషాలు మాట్లాడాలట. అప్పటికి పది రోజుల కిందట ప్రకాశం జిల్లా జవానొకడు సరిహద్దులో చనిపోయాడు. పిల్ల అతని గురించి, కన్నీరుమున్నీరవుతున్న తల్లి గురించి చెప్పింది. పడాల్సిన చోట గొంతు పడింది, చెమర్చాల్సిన చోట కళ్లు చెమర్చాయి. నేను చప్పట్లు కొట్టబోయాను.

బావగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు. "ఆ కుర్రాడి పేరేంటమ్మా?"

పిల్ల ఫైలు తిరగేసింది. "ఇందులో లేదండీ. ఇప్పుడిది హాట్ టాపిక్, వాడుకోండి, కళ్లు చెమరిస్తే మార్కులు పడతాయన్నారు సారు."

"వాడుకోండన్నాడా?" ఆయన లేచి నిలబడ్డారు. "నేను ఆ ఇంటికి వెళ్లొచ్చానమ్మా. వాళ్లమ్మ ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు ఇస్తూనే ఉంది." చెయ్యి కడుక్కుని వెళ్లిపోయారు.

నాకు ఆ సారు మీద ఎంత రోత పుట్టిందో, చప్పట్లకు లేచిన నా చేతుల మీదా అంత పుట్టింది. పిల్ల అన్నం ముట్టలేదు. సాయంత్రం ఒక్కతే నడుచుకుంటూ బావగారి మిరప కల్లానికి వెళ్లి, ఆ పేరు తెలుసుకుని వచ్చింది. మర్నాటి నుంచి కోచింగ్ మానేసింది. ఫైలు పాత పేపర్ల కట్టలోకి పోయింది.

తర్వాత చదువంతా కల్లంలోనే, తుమ్ముతూ దగ్గుతూ సాగింది. బావగారు పది ఎండుమిరపకాయలు వరసగా పేర్చి, "ఇది సెక్షన్, పదిమంది జవాన్లు. ఇలాంటివి మూడైతే ప్లటూన్. ఇందులో ఒక్క కాయ తీసేస్తే మిగతా తొమ్మిదింటి మీద ఏం పడుతుందో ముందు ఆలోచించు. తుపాకుల పొడవులు తర్వాత" అనేవారు. పేపర్లో చదివిన ప్రతి ఊరినీ పిల్ల మ్యాపులో వెతికేది. ఎదుటి దేశంవాళ్లు ఏమంటున్నారో కూడా రాసుకునేది. తెలియనిదాన్ని తెలియదనడానికి మాత్రం దానికి చాలా రోజులు పట్టింది.

మొదటిసారి ఎంపిక కాలేదు. "నా ఫైలు వదిలేస్తే ఇంతేనండీ" అని సారు ఫోన్ చేసి మరీ చెప్పాడు. మర్నాడు పిల్ల మళ్లీ మ్యాపు పరిచింది. రెండోసారి ఎంపికైంది. వారం తిరక్కుండానే గుంటూరులో సారు కోచింగ్ సెంటర్ ముందు ఇంత పెద్ద ఫ్లెక్సీ లేచింది. అందులో మా పిల్ల మొహం ఉంది. అది ఇంకా తొడగని యూనిఫాం కూడా అతికించేశారు. నేనే వెళ్లి తీసేయమన్నాను.

"మా దగ్గర మూడు వారాలు చదివింది కదా మేడమ్!" అంటూ సారు నవ్వి, కూల్‌డ్రింక్ తెప్పించాడు. ముట్టుకోకుండా వచ్చేశాను. తర్వాతి ఫలితాలు వచ్చేదాకా మా పిల్ల అక్కడే ఎండకు వెలిసింది. ఆ తర్వాత దాని మొహం మీద ఇంకెవరి మొహమో వచ్చింది.

మా పిల్ల ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో ఉంది. ఎక్కడో అడిగితే, "చలిగా ఉందత్తా" అని మాత్రం అంటుంది. ఇన్నేళ్లలో నా కోపం చల్లబడింది. అసహ్యాన్ని మాత్రం కాలం ముట్టుకోలేదు, ముట్టుకోకపోవడమే మంచిదని ఈ వయసులో అనిపిస్తోంది.