పాట మధ్యలో బాపు పీకిన ఫ్యూజు

మా చిన్నప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం, చర్చిలో ముప్ఫై మంది గొంతెత్తి పాడుతుండగా మా బాపు ఫ్యూజు పీకేశాడు...

బాపుకు అనుమానం పనిలో భాగం. ఆర్మూర్ మార్కెట్లో ఒక కమీషన్ దుకాణం తరఫున పసుపు కుప్పలు పరీక్షించేవాడు. పైన ఎండిన కొమ్ములు పేర్చి, అడుగున తడి సరుకు దాచి తెచ్చేవాళ్లు ఉంటారు కదా... బాపు మోచేతి దాకా చెయ్యి కుప్పలోకి దించి, అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేవాడు. ఖంగున విరిగితే మంచి సరుకు. మెత్తగా విరిగితే ఆ కుప్ప వదిలేసి లేచిపోయేవాడు. ఇంటికి పాలు వచ్చినా, చుట్టం వచ్చినా అదే చూపు.

అమ్మ అదే మార్కెట్ యార్డులో పసుపు ఏరేది. కొమ్ములు ఒక పక్క, మండలనే గుండ్రటి దుంపలు ఒక పక్క... ముక్కుకు కొంగు చుట్టుకున్నా ఆ దుమ్ము లోపలికి పోయేది.

పెర్కిట్ దగ్గరి మా చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మే. ఒక ఆదివారం చరణం మధ్యలో ఊపిరి అందక ఆగిపోయింది. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ రోజు నుంచి అమ్మ గోడ పక్కకు జరిగి కూర్చునేది. పెదవులు కూడా కదిపేది కాదు. అంట్లు తోముతూ తీసే కూనిరాగం కూడా ఇంట్లోంచి పోయింది...

అలాంటప్పుడు, చర్చి వార్షికోత్సవానికి హైదరాబాద్ నుంచి ఒక పాటల బృందం వస్తోందని పాస్టర్ అయ్యగారు చెప్పారు. కోరస్ అంటారట. పాడటమే వాళ్ల ఉద్యోగమట. ఏ ఊరికి పోయినా చివరి పాటను ఆ ఊరివాళ్లను కలుపుకుని పాడతారట. అమ్మను కూడా నిలబడమన్నారు.

"పాడుడు గూడ నౌకరేనా?" అన్నాడు బాపు. అమ్మ వైపు తిరిగాడు. "నిన్ను నడుమ నిలవెట్టి మల్ల నవ్విపిస్తరు. పోకు."

 శనివారం పొద్దున అమ్మ పెట్టెలోంచి తెల్ల చీర తీసి, ఉతికి ఆరేసింది. బాపు ఆ చీరను చాలాసేపు చూశాడు. తర్వాత చెప్పులేసుకుని నన్నూ రమ్మన్నాడు.

మేం వెళ్లేసరికి చర్చిలో వాళ్లు సాధన చేస్తున్నారు. అందరికీ నల్ల బట్టలు, చేతుల్లో నల్ల ఫైళ్లు. ఒకే స్వరం పట్టుకుని సాగదీస్తున్నారు... అది ఆగదే! నేను మనసులో అరవై దాకా లెక్కపెట్టాను. మనిషన్నవాడు ఊపిరి తీసుకోవాలి కదా...

బాపు చూపు వాళ్ల నోళ్ల మీద ఉంది.

"గా బట్టతలాయన నోరు మూసిండు, సూసినవా? పాట ఆగలే," అని నా చెవిలో గొణిగాడు. "అడుగున తడి సరుకుంది బిడ్డా. యాడనో టేపు పెట్టిండ్రు."

ఇద్దరం వేదిక వెనక్కి పోయాం. బాపు బల్ల మీది దుప్పటి ఎత్తాడు. కింద టిఫిన్ డబ్బాలు. తెర పక్కకు లాగాడు. పుక్కిలించడానికి పెట్టుకున్న ఉప్పునీళ్ల సీసాలు. టేప్ రికార్డర్ ఎక్కడా లేదు. అయినా అనుమానం పోలేదు... అప్పుడే ఆయనకు గోడ మీది ఫ్యూజు కనబడింది.

ట్యూబులైట్లు ఆరిపోయాయి. ఫ్యాన్లు మెల్లగా తిరిగి తిరిగి ఆగాయి.

పాట ఆగలేదు. ఫ్యాన్ల చప్పుడు పోయేసరికి ఇంకా స్పష్టంగా వినబడింది...

పాట ముగిశాక, వాళ్లను నడిపించే మేడం మా దగ్గరికి వచ్చింది. బాపు ఫ్యూజు దాచుకోలేదు. ఒకరి వెనక ఒకరు నోళ్లు మూస్తున్నారని, తాను చూశానని మొహం మీదే చెప్పాడు.

ఆవిడ నవ్వింది. "నిజమే అన్నా. అందరం ఒక్కసారే ఊపిరి తీస్కుంటే పాట తెగుతది. ఈమె తీస్కునేటప్పుడు పక్కామె ఆపదు. పక్కామె తీస్కునేటప్పుడు ఈమె ఆపదు. మీరు పట్టేసిన్రంటే మాకింకా సాధన కావాలె."

బాపు ఫ్యూజును చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నాలుగు మాటలకొకసారి దమ్ము తీస్కునేటామె ఉంటే?"

"తీస్కోనీ అన్నా. పక్కన మేమున్నం గద."

బాపు ఫ్యూజు మళ్లీ పెట్టేశాడు.  ఇంటికొచ్చాక అమ్మతో ఒక్కటే అన్నాడు. "నడుమ నోరు మూసినా ఏం గాదట. పో."

మర్నాడు సాయంత్రం వార్షికోత్సవంలో చివరి పాటకు అమ్మ తెల్ల చీర కట్టుకుని, ఆ మేడంకూ బట్టతలాయనకూ మధ్య నిలబడింది. బాపు మాత్రం బెంచీ మీద కూర్చోలేదు. గోడ దగ్గర, ఫ్యూజు పక్కనే నిలబడ్డాడు. ఎవరైనా నవ్వితే లైట్లు తీసేద్దామని అనుకున్నాడట... చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

అమ్మ ఏడుసార్లు నోరు మూసింది. నేను లెక్కపెట్టాను. ఏడుసార్లూ పాట సాగుతూనే ఉంది, అమ్మ మళ్లీ అందులో కలిసింది. ఎవరూ నవ్వలేదు. బాపుకూ నాకూ తప్ప ఎవరికీ తెలియలేదు కూడా.

కోరస్ వాళ్లు మర్నాడే వెళ్లిపోయారు. తర్వాతి ఆదివారం అమ్మ మళ్లీ ముందుకొచ్చి పాట ఎత్తుకుంది. పక్కన నిలబడింది ఎవరనుకున్నారు... బాపే. ఆయన గొంతు వినసొంపుగా ఏమీ ఉండేది కాదు. కానీ అమ్మ ఊపిరి తీసుకునేటప్పుడు మాత్రం ఆపేవాడు కాదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. మా చర్చిలో పాట పెన్‌డ్రైవ్‌లోంచి వస్తుంది. నలుగురు మైకులు పట్టుకుని ముందు నిలబడతారు. బాపు అలవాటు నాకూ వచ్చినట్టుంది... నేను నోళ్లే చూస్తుంటాను. అన్నీ కదులుతూనే ఉంటాయి.

మీ ఊళ్లో ఎవరి పక్కన నిలబడి పాడేవారో గుర్తుంటే రాయండి. నాకు ఎందుకు గుర్తొచ్చిందంటే...

మొన్న ఆదివారం చరణం మధ్యలో కరెంటు పోయింది. పాట అక్కడే ఆగిపోయింది. గోడ వైపు చూశాను... ఫ్యూజు దగ్గర ఎవరూ లేరు.