పత్తి కాంటా ఎక్కిన సైన్సు సారు

ఆదిలాబాద్ పత్తి బజారులో నన్ను మించిన బేరగాడు లేడు. జబ్బు మనిషికి జబ్బే లేదని నచ్చజెప్పి, బండి మిగుల్చుకున్న ఘనుణ్ణి.

మా ఇంట్లో తిని, మేడ గదిలో అద్దెకుండే సైన్సు సారు ప్రతి ఆదివారం మా పత్తి కాంటా ఎక్కేవారు. ఏది చూసినా "బరువెంత? లోపల ఏమున్నది?" అని అడిగేవారు. నక్షత్రం గతిని తేల్చేవీ ఆ రెండేనట. బరువైనది ఇంధనాన్ని తొందరగా కాల్చేస్తుంది. నడుమ ఇంధనం అయిపోయాక గర్భం కుంచించుకుపోతుంది, పైభాగం ఉబ్బి ఎర్రబడుతుంది. లోహాలు ఎక్కువున్నదైతే ఇంకా చల్లగా, ఇంకా ఎర్రగా.

ఆ చలికాలం సారు రెండు ఆదివారాల్లో ఆరు సేర్లు పెరిగారు. మొహం నిండుగా కనిపించింది.

"సేటూ, కాళ్లు లేస్తలేవు. జర బండి కట్టియ్యి, దవాఖానకు పోవాలె."

"మా ఇంటి బువ్వకు ఒళ్లు చేసిండ్రు సార్! దవాఖాన ఎందుకు? పత్తి పని ఒడువనియ్యుండ్రి, చూద్దాం."

"చుక్క గూడ లోపల సరుకు ఒడిసినంకనే ఉబ్బుతది సేటూ," అని నవ్వారు. మళ్లీ అడగలేదు.

ఐదోనాడు నలుగురం ఆయన్ని మేడ దించాం.

నిజం చెప్పాలంటే, ఆ నాలుగు రోజులూ నా బండి ఖాళీగానే ఉంది. మిగిలింది ఎడ్లకు విశ్రాంతి. పోయింది సారు.