గొర్రు వాళ్లకు, జడ్డిగం మాకు

మొన్న ఆదోనిలో మా కూతురింట్లో కూర్చుని అలసందలు ఒలుస్తుంటే, పోటీ పరీక్షకు చదువుతున్న మనవరాలు పుస్తకంలోంచి తలెత్తి ఒక ప్రశ్న చదివింది. ఎక్కడిదో ఒక దేశం, అందులో వాళ్లలో వాళ్లే చేసుకున్న యుద్ధం. రెండు పక్షాల బలాలూ వ్యూహాలూ పోల్చి రాయాలట. "అవ్వా, ఒకే దేశమోళ్లు అట్లెట్ల కొట్టుకుంటారు?" అంది. నాకు నవ్వొచ్చింది. పెద్దకడుబూరు దిక్కున మా అత్తగారింటిని ఆ రోజుల్లో చూసుంటే ఈ పిల్లకు పుస్తకమే అక్కర్లేకపోయేది.

మామగారు పోయాక మా బావగారూ మా ఆయనా వేరుపడ్డారు. బలాల సంగతికొస్తే బావగారిదే పైచేయి. బావి వాళ్ల వాటాలోకి పోయింది, కొడుకులు ఎదిగొచ్చారు. అన్నిటికీ మించి మా యారాలు, అంటే బావగారి భార్య. ఆమె వాకిట్లో నిలబడి గొంతెత్తితే కుక్కలు కూడా పక్క సందులోంచి పోయేవి. మా వైపున్నది బాటపక్క చేను, మా ఆయన మొండితనం. నాకూ నోరుంది గానీ ఆమె ముందు చాలేది కాదు. గంగాళాల దగ్గర్నుంచి రోకళ్ల దాకా పంచాక విత్తనం వేసే గొర్రు ఒక్కటి మిగిలింది. దాని మీద గింజలు పోసే కొయ్యగిన్నెను జడ్డిగం అంటారు. గొర్రును ఎవరూ వదలలేదు. విసిగిపోయిన పెద్దమనిషి ఒకాయన గొర్రు పెద్దవాడికీ, జడ్డిగం చిన్నవాడికీ ఇచ్చి లేచాడు. "సమానంగా పంచినాము కదప్పా, ఇంగేమి?" అన్నాడు. రెండు పక్షాలవాళ్లమూ గెలిచామనుకునే ఇళ్లకు పోయాము.

తర్వాత మంచి వాన పడింది. నల్లరేగడి నేల, పదును ఆరిపోయేలోపు జొన్న పడాలి. పడకపోతే ఆ ఏడు తిండి లేదు. ఊరంతా ఎద్దులు కట్టింది. మా రెండిళ్లే వాకిళ్లలో కూర్చున్నాయి. మా ఆయన వ్యూహం ఒకటే: "జడ్డిగం లేంది గొర్రేం జేసుకుంటారు? వాళ్లే రావల్ల." గోడ అవతల యారాలు మాకు వినపడేట్టు కొడుకులతో అంటోంది: "గిన్నె పెట్టుకోని గింజలెట్లేస్తారో సూస్తా. కాళ్లకాడికి రానీ." అరువడుగుదామంటే ఎవరి గొర్రు వాళ్ల చేలో ఉంది. ఖాళీ అయినవాళ్లు కూడా ఒకరికిస్తే రెండోవాళ్లకు పగవాళ్లమవుతామని ఇవ్వలేదు. కొత్తది చేసిమ్మంటే వడ్రంగి అయితే ఇద్దరూ కలిసొస్తేనే ఉలి పడతానన్నాడు. రెండిళ్లలో వంతుల మీద తినే మా అత్త, చేతిలో మట్టి పిసికి చూసి మా మధ్య గోడ దగ్గర నిలబడింది. "ఇంగ మీ పౌరుషాలు ఇత్తుకోండి, మొలుస్తాయేమో సూద్దాం!" అని రెండు వైపులా వినేట్టు అరిచి ఏడ్చింది. అప్పటికైనా ఎవరో ఒకరు కదలాలి. ఎవరూ కదల్లేదు. నేల ఎండి పర్రెలు విచ్చింది. ఆ ఏడు మళ్లీ అంత వాన పడలేదు.

గాదెలు అడుగంటాక మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే వలసకూలికి, గుంటూరు దిక్కుకు పోవలసివచ్చింది. ఊరికి వచ్చింది ఒక్కటే లారీ. మేమెక్కేసరికి యారాలి సంసారం మూటలతో సహా అందులోనే ఉంది. దిగిపోదామంటే ఇంట్లో గింజ లేదు. అత్తను మధ్యలో కూర్చోబెట్టి, వాళ్లు అటు తిరిగి, మేము ఇటు తిరిగి కూర్చున్నాము. గుంతలో పడ్డప్పుడల్లా ఆమె భుజం నా భుజానికి కొట్టుకునేది. ఆమె జరగలేదు, నేనూ జరగలేదు. ఎమ్మిగనూరు దాటాక ఎవరి పిల్లో ఆకలని ఏడ్చింది. మాదా, వాళ్లదా అని అత్త ఒక్కతే తిరిగి చూసింది.

ఆ తర్వాత కూడా యారాలు బతికినన్నాళ్లూ మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె పోయినప్పుడు నేను చూడబోలేదు, పోనందుకు బాధా లేదు. అత్త పోయింది, బావగారు పోయినారు, మా ఆయనా పోయినాడు. కాలం మా రెండు పక్షాల మనుషులనూ ఒక్కొక్కరినే తీసుకుపోయింది గానీ, ఈ కోపాన్ని మాత్రం మోసుకోమని నాకొక్కదానికే వదిలిపోయింది.