నాయన రొయ్యలు, నా వైరస్

మైపాడు దారిలో మాకు రొయ్యల చెరువుంది. చిన్నప్పుడు నాయన వెనకే గట్టు మీద నడిచి, మేత చూసే ట్రే పైకెత్తి, అందులో రొయ్యలు ఎగురుతుంటే సంబరపడేదాన్ని. చెన్నైలో పరిశోధన ఉద్యోగంలో చేరాక నాయన నన్ను గేటు దగ్గరే ఆపేశాడు.

అంతా నా నోటి దురద. ఏం పని చేస్తావని అడిగితే, వైరస్‌లు పెంచుతానన్నాను. రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వచ్చి పంటంతా ఊడ్చుకుపోయిన ఇంట్లో అనాల్సిన మాటేనా అది?

"ఇది గొంగళిపురుగులకొచ్చే వైరస్ నాయనా. రొయ్యల్ని తాకదు" అని ఎంత చెప్పినా ఒకటే జవాబు.

"నేను నమ్మతాను మ్మా. చెరువు నమ్మద్దా?"

పక్క చెరువు వాళ్లు కూడా క్రిములు చావడానికి టబ్బులో పెట్టిన పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లేవాళ్లు. కన్నకూతురికి ఆ టబ్బు కూడా దక్కలేదు. ఒళ్లు మండేది. అమ్మ ఉంటే ఇద్దరినీ తిట్టి దారికి తెచ్చేది. అమ్మ క్యాన్సర్‌తో పోయింది.

క్యాన్సర్ కణం తనంతట తానే చచ్చిపోయేలా చేసే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని తయారుచేయడమే నా పని. మొదట బ్యాక్టీరియాతో చేయించాం. వచ్చింది గానీ, సరైన ఆకారంలో ముడుచుకోక, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. అప్పుడు దాని జన్యువును గొంగళిపురుగుల వైరస్‌లో చేర్చి, ఫ్లాస్కులో పెంచిన కత్తెర పురుగు కణాలకు అంటించాం. మొక్కజొన్న రైతును ఏడిపించే పురుగే అది. దాని కణాలు తాము చచ్చేలోగా మాకు కావలసింది చేసి పెట్టాయి. ఆ ప్రోటీన్‌ను శుద్ధి చేసి క్యాన్సర్ కణాల మీద వేస్తే, అవి బుడగలు బుడగలుగా ఉబ్బి, ముక్కలై చచ్చిపోయాయి. మైక్రోస్కోపు ముందే ఏడ్చేశాను.

అదంతా ఫోనులో వీడియో తీసుకుని ఇంటికొచ్చాను. నాయన గేటు దగ్గర మంచం మీద కూర్చుని రెండుసార్లు చూశాడు.

"మీ అమ్మకొచ్చినట్టాంటివేనా ఇవి?"

"అట్టాంటివే. కానీ ఇది ఇంకా మందు కాదు నాయనా. మందు కావాలంటే చానా దూరం పోవాల."

"పోనీలే. దారిలో పడింది గదా."

ఫోను నా చేతికిచ్చి, లేచి వెళ్లి టబ్బు తెచ్చి నా ముందు పెట్టాడు.

"కాళ్లు పెట్టు. బాగా ముంచు."

నా చేతుల మీద కూడా మగ్గుతో తనే పోశాడు, మోచేతుల దాకా. తర్వాత ఇద్దరం గట్టు మీద నడిచాం. ట్రే నన్నే ఎత్తమన్నాడు. ఒక రొయ్య ఎగిరి నా బుగ్గకు తగిలితే నాయన నవ్వాడు. నవ్వుతూనే నా చేతుల వైపు ఇంకోసారి చూశాడు.

ఆ సాయంత్రమే చెన్నై వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ట్రే ఎత్తి చూసినాను మ్మా. అన్నీ ఎగరతా ఉండాయి. చెరువు గూడా నమ్మింది. మళ్లీ ఎప్పుడొస్తావు?"