పేరు రాయొద్దన్న ఆంటీ

మా ఎదురింటి సిరియా ఆంటీ మొన్న మంగళవారం పోయింది. పొద్దున్నే వాళ్లబ్బాయి తలుపు కొట్టి, “అమ్మ ఇక లేదు” అన్నాడు. “కాఫీ తాగుతావా?” అని అడిగాను. అదేం మాటో, నోటికి అదే వచ్చింది. ఇప్పటివరకూ నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ ట్రాయ్ ఊళ్లో మా అపార్ట్‌మెంట్స్‌కి వచ్చి మూడేళ్లు. సిరియాలో హోమ్స్ అనే ఊళ్లో లెక్కల టీచరు. బాంబులకి ఇల్లు కూలిపోయాక కొడుకు దగ్గరికి చేరింది. ఆవిడది వచ్చీరాని ఇంగ్లీషు, నాది ఒకటే వాగుడు. బాగానే కుదిరింది. నా వంకాయకూర తిని, “అన్నీ వేశావు, ఉప్పు తప్ప” అనేది. అక్కడి అధ్యక్షుడి పేరు మాత్రం ఎత్తేది కాదు. “ఇక్కడెవరు వింటారాంటీ?” అంటే, “అలవాటు బిడ్డా, నలభై ఏళ్ల అలవాటు” అనేది.

ఆవిడ తమ్ముడికి అక్కడ మందుల షాపు. ప్రభుత్వం మీద తిరగబడి గాయాలతో వచ్చినవాళ్లకి కట్లు కట్టాడని సైనికులు పట్టుకుపోయారు. ఇక కబురు లేదు.

మనకేమో ఎవరికి కష్టమొచ్చినా, ఎవరిచేత చెప్పిస్తే పనవుతుందా అన్నదే ఆలోచన. గుడిలో భోజనాల దగ్గర అర్జీ పెట్టాను. ఆయన పేరు, షాపున్న వీధి అన్నీ రాసి, సెనేటర్‌కి పంపిద్దామని అరవై సంతకాలు పోగేశాను. మురిసిపోతూ తీసుకెళ్లి ఆంటీకి చూపించాను.

ఆవిడ మొహం పాలిపోయింది. “పేరు రాశావా? ఎంతమంది చూశారు? వాడి పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. అడిగితే మిగిలినవాళ్లనీ తీసుకుపోతారు.”

అక్కడే చింపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు ఆవిడే మా ఇంటికొచ్చి, “నీకు భయం తెలీదు. తెలియకుండానే ఉండు” అంది. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, మహాతల్లి.

నిన్న పేపర్లో వేయించే ప్రకటన కోసం వాళ్లబ్బాయి ఫారం తెచ్చాడు. బతికున్న బంధువులు ఒకచోట, ముందే పోయినవాళ్లు ఇంకోచోట. నేనే పెన్ను తీసుకున్నాను. ఆంటీ భర్త పేరు పోయినవాళ్లలో రాశాను. కొడుకు, మనవలు బతికున్నవాళ్లలో.

“మరి మీ మావయ్య?” అన్నాను.

ఫారం నా వైపు జరిపాడు. “బతికున్నవాళ్లలోనే రాయండి. అమ్మయితే అలాగే రాసేది.”

‘ఒక తమ్ముడు’ అని రాశాను. పేరు నాకు బాగా తెలుసు, వీధితో సహా. పెన్ను కాగితం మీదే ఆనించి కూర్చున్నాను. అక్కడ సిరా చుక్క పెద్దదవుతోంది. చెయ్యి కదల్లేదు.