మడత పెట్టిన నొప్పి

ఆ వీధిలో అందరికీ ఆమె టైలరమ్మే. కోపం వస్తే కన్నపిల్లలు కూడా అలాగే పిలిచేవారు. ఆమె కుట్టిన జాకెట్టు మూడు కాన్పుల తర్వాత కూడా పట్టేది. ఏది కుట్టినా లోపల మడతలో కాస్త గుడ్డ ఎక్కువ వదలడం ఆమె అలవాటు. "ఎక్కువైతే లోపల దాక్కుంటుంది. తక్కువైతే ఎక్కణ్ణించి తెస్తాం?" అనేది. ఆ బుద్ధి గుడ్డ దగ్గరే ఆగి ఉంటే బాగుండేది.

నడుములో నరం నొప్పి పట్టుకుని ఏళ్లయింది. మాత్రలు మింగింది, పట్టీలు కట్టింది, ఎవరు ఏ నూనె చెబితే అది రాయించుకుంది. చివరికి పాలు పొంగేంతసేపు కూడా మిషను ముందు కూర్చోలేని స్థితికి వచ్చింది. మిషను మీద కూర్చోలేని టైలరు ఇంకేం టైలరు? ఆమె దిగులంతా అదే.

అలాంటప్పుడు పెద్దాసుపత్రిలో ఒక పరిశోధనకి పేరిచ్చింది. గంజాయి మొక్కనుంచి తీసిన మందును నూనెలో కలిపి ఇస్తారు, నాలుక కింద చుక్కలు వేసుకోవాలి. కొందరి సీసాల్లో మందు, కొందరి సీసాల్లో ఉత్త నూనె. ఎవరిది ఏదో నర్సుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

"గంజాయా!" అని మొగుడు నెత్తి కొట్టుకున్నాడు. "ఈ వయసులో నువ్వు నవ్వుతూ వీధుల్లో తిరిగితే నా పరువేం కావాలి?"

"నిన్ను కట్టుకున్నాక నవ్విందెక్కడ? ఇలాగైనా నవ్వనీ."

నవ్వు రాలేదు కానీ, కొన్ని వారాలకు నొప్పి తగ్గుముఖం పట్టింది. ఒకరోజు జాకెట్టు మొత్తం కుట్టి లేచాక గానీ అంతసేపు కూర్చున్నానన్న సంగతి ఆమెకి తట్టలేదు. సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. నయమైందంటే సీసా లాక్కుంటారేమో!

వెళ్లినప్పుడల్లా నర్సు ఒకటే అడిగేది. "సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే భరించలేనట్టు. మీదెంత?" మొదట్లో ఎనిమిది అన్నది నిజమే. ఇప్పుడున్నది మూడు. మడతకి ఐదు వదిలి మళ్లీ ఎనిమిదే అంది, పైన ఒక మూలుగు కూడా జోడించింది. మొగుడు నోరు తెరవబోతే కాలు తొక్కింది.

చివరి రోజున డాక్టరు పెదవి విరిచాడు. "మీకు గుణం కనిపించలేదమ్మా. తగ్గినవాళ్లకి తర్వాతి విడతలో అసలు మందే ఇస్తాం. మీకు ఆపేస్తున్నాం."

టైలరమ్మ కంగారుగా అడ్డుపడింది. "తగ్గింది బాబూ! మూడే! మిగతాదంతా మడత!"

"మడతేమిటి?"

చెప్పింది. డాక్టరు తల పట్టుకున్నాడు. "మందిస్తామనేసరికి తగ్గిందంటున్నారు, ఏ మాట నమ్మను? మీ ఎనిమిది చూసి మందు పనిచెయ్యలేదని రాస్తే, మీలాగే నొప్పి పడేవాళ్ల నోటికాడ ముద్ద లాగేసినట్టు కాదూ?"

ఆ మాట ఆమెకి సూదిలా గుచ్చుకుంది. ఎవరి గుడ్డలోనూ జానెడు ముక్క దాచుకోని మనిషి!

సీసా తీసేసుకున్నారు. మందు ఆపాక ఎలా ఉందో చూడటానికి కొన్నాళ్లకు మళ్లీ పిలిచారు.

"ఇప్పుడెంత?" అంది నర్సు.

"ఎనిమిది."

నర్సు కలం ఆపింది. "మడత విప్పి చెప్పండి."

"విప్పేసే ఎనిమిది, తల్లీ." కళ్లలో నీళ్లు తిరిగాయి. కుర్చీ పక్కనే ఉన్నా గోడకి ఆనుకుని నిలబడింది.

మొగుడు ఈసారి కాళ్లు దూరంగా పెట్టుకుని మాట్లాడాడు. "నిజం డాక్టరుగారూ. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నిల్చునే వచ్చింది."

డాక్టరు ఆమెనీ, కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. మొహం చేటంత అయింది. "నిజంగా ఎనిమిదా? భేష్! అయితే అప్పుడు తగ్గిందన్నదీ నిజమే అయ్యుండొచ్చు. పరిశోధన లెక్కలోకి మిమ్మల్ని తీసుకోలేను గానీ, తర్వాతి విడతలో మందిచ్చి చూస్తాను."

"నా ప్రాణం పోతుంటే ఈయన సంబరమేమిటయ్యా!" అని మొగుడి చెవిలో గొణిగి, టైలరమ్మ పగలబడి నవ్వింది. నవ్వేసరికి నడుము కలుక్కుమంది.

"తొమ్మిది," అంది, నర్సు అడక్కుండానే.