నిల్దా నవలకు క్లినిక్

"డబ్బిచ్చి మరీ తిట్లు తినడానికి వెళ్తున్నావా వదినా? ఆ తిట్లేవో నేను ఊరికే తిడతాగా!" అంది ఆడపడుచు సుల్మా.

"నీ తిట్లు నాకు కంఠతా వచ్చేశాయి. కొత్తవి వినాలి," అని నిల్దా లానూస్‌లో రైలెక్కి బ్యూనస్ ఎయిరిస్‌లో దిగింది.

ఆమెకు అరవై ఏడేళ్లు. నలభై ఏళ్లు పెళ్లిగౌన్లు కుట్టింది. మూడేళ్లు కూర్చుని, మాంసం ఫ్యాక్టరీలో పనిచేసిన తల్లి మీద నవల రాసింది. ఇప్పుడు దాన్ని ఒఫేలియాకు చూపించబోతోంది. ఒఫేలియా పేరున్న రచయిత్రి. ఇంట్లోనే నవలలకు 'క్లినిక్' నడుపుతుంది. రుసుము కడితే ప్రతి పేజీ చదివి, రోగమెక్కడుందో మొహమాటం లేకుండా చెబుతుంది. ఒకటే షరతు: ఆవిడ చెప్పడం అయ్యేదాకా రాసినవాళ్లు నోరు తెరవకూడదు. నిల్దాకు అదో లెక్కా? సగం జీవితం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే గడిపింది.

ఒఫేలియా మాతే టీ కలిపి చేతికిచ్చి, ఎర్ర పెన్సిల్ తీసింది.

"వాన వస్తుందన్నారు. వచ్చాక మళ్లీ చెప్పారు. వెలిశాక ఇంకోసారి. ఎందుకండీ ఇన్నిసార్లు?"

నిల్దాకు నవ్వొచ్చింది. పెళ్లికూతురు ఒళ్లు చేస్తుందేమోనని కుట్టు లోపల కాస్త గుడ్డ వదిలే చెయ్యి ఆమెది. నవల్లోనూ అలాగే వదిలేసింది మరి! అరవై పేజీల మీద ఎర్రగీత పడింది. ఒక్కదానికీ ఆమె మనసు చివుక్కుమనలేదు.

ఆఖరి అధ్యాయం దగ్గరకొచ్చేసరికి మాత్రం కుర్చీ అంచుకు జరిగింది. అసలు దాని కోసమే నవలంతా రాసింది.

"ఇది తీసేయండి," అంది ఒఫేలియా. "ఉద్యోగం పోయిన రోజే ముగ్గురు పిల్లల తల్లి లిప్‌స్టిక్ వేసుకుని క్లబ్బులో డాన్సుకెళ్తుందా? ఎవరు నమ్ముతారు? అయింది. ఇక మీరు మాట్లాడొచ్చు."

"గీతలన్నీ ఒప్పుకున్నా మేడమ్. ఇదొక్కటీ ఒప్పుకోను."

"నిజంగా జరిగింది కాబట్టా? జరిగినవన్నీ నమ్మేలా ఉండవండీ."

"నేను అక్కడే ఉన్నా. ఏడేళ్లదాన్ని. అమ్మ రెండు కుర్చీలు జోడించి నన్ను పడుకోబెట్టి తన కోటు కప్పింది. కోటు నిండా ఫ్యాక్టరీ కొవ్వు కంపు. ఒక కన్ను తెరిచి చూస్తే అమ్మ కాళ్లు కనిపించేవి. ఎడమ చెప్పుకి హీలు ఊడిపోయింది. అయినా ఒక్క అడుగు తడబడితే ఒట్టు!"

ఒఫేలియా పెన్సిల్ కింద పెట్టేసింది. "ఈ పిల్ల పుస్తకంలో ఎక్కడుంది?"

"లేదు. అమ్మ కథలో నా గోల ఎందుకని..."

"వాన గురించి మూడుసార్లు చెప్పి, దీన్ని దాచుకున్నారా! అధ్యాయం ఉండనివ్వండి. ఆ పిల్లని తెచ్చి అందులో పడుకోబెట్టండి. అప్పుడు నేనూ నమ్ముతా."

నిల్దా కొట్టేసిన కాగితమొకటి లాగి, వెనక్కి తిప్పి, అక్కడికక్కడే రాయడం మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు పడ్డాయో లేదో తలుపు గంట మోగింది.

"తర్వాతివాళ్లు వచ్చారండీ," అంది ఒఫేలియా.

"రానివ్వండి మేడమ్, పాపం వాళ్లకీ జబ్బే కదా," అని నిల్దా కాగితాలు చంకన పెట్టుకుని లేచింది. "మీ వంటింటి బల్ల ఖాళీయేనా?"